పాత టాబ్‌కి ఏది మేలు: వైరా, జాకా, బ్యాటరీనా, కొత్త టాబా?

మా అమ్మ టాబ్‌కి ఏడేళ్లు. పొద్దున్నే ప్రవచనం, మధ్యాహ్నం వంటల వీడియోలు, రాత్రి మనవరాలితో వీడియో కాల్, ఇంతే దాని ఉద్యోగం. మొన్న ఏప్రిల్లో రాత్రంతా చార్జింగ్ పెట్టినా తెల్లారేసరికి 30 శాతం దాటడం లేదని గొడవ మొదలైంది. ఏలూరు రోడ్డు వైపు ఒక షాపులో చూపిస్తే అతను టాబ్‌ని అటూ ఇటూ తిప్పి, కనీసం ఒక వైరన్నా గుచ్చి చూడకుండా, "బ్యాటరీ పోయింది సార్, 1,800 అవుద్ది, సాయంత్రం రండి" అన్నాడు. ఆ తొందర చూసే నాకు అనుమానమొచ్చింది, అమ్మని అడిగి చెప్తానని తిరిగి తెచ్చేసుకున్నా.

మనం రెండు వేరు వేరు జబ్బుల్ని కలిపి "చార్జింగ్ రావట్లేదు" అనేస్తాం, చిక్కంతా అక్కడే. చార్జింగ్ ఎక్కడం లేదా, ఎక్కింది నిలవడం లేదా? గంటలు గంటలు పెట్టినా శాతం కదలకపోతే, వైరు కాస్త వంచితే ఎక్కి వదిలేస్తే ఆగిపోతుంటే, ముందు వైరునీ చార్జర్నీ జాక్‌నీ (టాబ్‌లో వైరు గుచ్చే రంధ్రం) అనుమానించాలి. అలా కాకుండా గబగబా వందకి ఎక్కేసి, అంతే గబగబా దిగిపోయి, 30 శాతం చూపిస్తుండగానే ఆరిపోతుంటే అది బ్యాటరీ ముసలితనం. పాతబడేకొద్దీ బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది, కాబట్టి వీడియో కాల్ లాంటి బరువైన పని పడగానే ఓల్టేజీ ఒక్కసారి కిందికి జారి, లోపల ఎంతో కొంత చార్జి ఉన్నా టాబ్ ఆగిపోతుంది.

అమ్మది మొదటి రకం. బీసెంట్ రోడ్డు పక్క సందులో 250 పెట్టి ఒక చిన్న యూఎస్‌బీ మీటర్ కొన్నా, వైరుకీ చార్జర్‌కీ మధ్య పెడితే ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంప్‌లు వెళ్తున్నాయో అంకెల్లో చూపిస్తుంది. 0.4 ఆంప్ అంది. టాబ్‌తో వచ్చిన 2 ఆంప్‌ల చార్జర్ ఎప్పుడో ఎక్కడో పోయింది, అమ్మ వాడుతున్నది ఒక పాత ఫోన్ తాలూకు 1 ఆంప్ చార్జర్. దానికి తోడు ప్లగ్ మంచానికి దూరమని రెండు మీటర్ల సన్నటి వైరొకటి. అంత సన్నటి పొడుగు వైరులో దారిలోనే ఓల్టేజీ తగ్గిపోతుంది, అది చూసి టాబ్ కూడా తక్కువే లాక్కుంటుంది. 5,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీకి 0.4 ఆంప్ అంటే ఏమీ వాడకుండా పక్కన పెట్టినా పన్నెండు గంటలపైనే. అమ్మేమో చార్జింగ్‌లో పెట్టే ప్రవచనం వింటూ నిద్రపోతుంది, తెల్లారేదాకా అది ఒకదాని తర్వాత ఒకటి పాడుకుంటూనే ఉంటుంది. ఇంకెక్కడ నిండుతుంది?

తర్వాత జాక్. టాబ్ ఆపేసి, టార్చి వేసి చూస్తే లోపల బూడిదరంగు ముద్ద కనబడింది. చెక్క టూత్‌పిక్ కొన సన్నగా చెక్కి మెల్లగా లాగితే దీపం వత్తంత దూది బయటికొచ్చింది, దిండు కింద ఏడేళ్లు పడుకున్న ఫలితం. దీనికి పిన్నీసు, సూది మాత్రం వాడకండి, లోపలి రేకు వంగిందంటే పని పెరుగుతుంది. దూది తీసి, పొట్టి మందపాటి వైరు, 2 ఆంప్‌ల చార్జర్ పెట్టాక మీటర్ 1.5 దాటింది. మీటర్ కాకుండా ఖర్చు ఓ నాలుగొందలు.

అందుకే జాక్ మార్పించే ముందు కొత్త వైరు పెట్టి చూడమంటాను. పాత టాబ్‌లలో ఉండే మైక్రో యూఎస్‌బీని రూపొందించినప్పుడే అరిగే స్ప్రింగు భాగాన్ని జాక్‌లో కాకుండా వైరు కొసన పెట్టారు, పోతే చవకైన వైరే పోవాలని. కొత్త వైరు కూడా లూజుగా ఊగితేనే జాక్ సంగతి. కొన్ని టాబ్‌లలో జాక్ విడిగా చిన్న బోర్డు మీద ఉంటుంది, బోర్డు మార్చేస్తే అయిపోతుంది. కొన్నిటిలో మెయిన్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది, దానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. మీ దాంట్లో ఎలా ఉందో షాపులో ముందే అడగండి, ధర తేడా అక్కడే వస్తుంది.

ఇక బ్యాటరీ. గుంటూరులో మా బావగారి టాబ్‌ది అచ్చంగా ఇదే. ఫోన్లో ఎక్కడం లేదా, నిలవడం లేదా అని అడిగితే, "ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కుతోందోయ్, వీడియో కాల్ కలిపితే చాలు, 35 దగ్గర టపీమని ఆరిపోతోంది" అన్నారు. ఒక్కోసారి శాతం తప్పుగా చూపించడం కూడా ఉంటుంది కాబట్టి, ఒకసారి పూర్తిగా దింపి ఆపకుండా వందకి ఎక్కించి చూడమన్నా. మారలేదు. అరండల్‌పేటలో 1,900కి బ్యాటరీ వేయించారు, ఇప్పుడు మ్యాచ్ మొదటి బంతి నుంచి చివరి బంతిదాకా ఆగకుండా చూస్తున్నారు. ఆయన విషయంలో వైర్ల మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే అయ్యేది.

కానీ బ్యాటరీ కొనడంలో మోసాలెక్కువ. సైజు అదే, అసలు బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అయితే కొత్తదాని మీద 8,000 అని అచ్చేసి ఉంటే నమ్మకండి. తయారీ తేదీ చూడండి, లిథియం బ్యాటరీ షాపు అరలో కూర్చున్నా ముసలిదవుతుంది. చాలా టాబ్‌లలో బ్యాటరీని జిగురుతో అంటిస్తారు, వేడిచేసి ఊడదీసేటప్పుడు స్క్రీన్ పగిలితే ఎవరి ఖర్చో ముందే తేల్చుకోండి.

వీపు ఉబ్బినా, స్క్రీన్ అంచు లేచినా ఇక పోలికలేమీ లేవు. చార్జింగ్ ఆపేయాలి, నొక్కకూడదు, పొడవకూడదు, బ్యాటరీ తీయించేసి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయాలి. చెత్తబుట్టలో మాత్రం వద్దు.

"ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి టీవీలా వాడుకుంటాం" అనేవాళ్లున్నారు. చలిదేశంలో నడుస్తుందేమో. వంద శాతం దగ్గర నిలబెట్టడం, దాని మీద వేడి, ఈ రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా చెడుతుంది. 35 డిగ్రీలు దాటిన వేడి బ్యాటరీని శాశ్వతంగా దెబ్బతీయవచ్చని ఆపిల్ తన ఐప్యాడ్‌ల గురించే చెబుతుంది, మన బెజవాడలో మే నెలలో ఫ్యాన్ కింద గదిలోనే అంతకన్నా ఎక్కువుంటుంది. తప్పదంటే స్టవ్ పక్కన, కిటికీ ఎండలో పెట్టకండి, రాత్రి స్విచ్ ఆపండి.

కొత్త టాబ్ ఎప్పుడంటే, బ్యాటరీ ఖర్చు కన్నా ముందు టాబ్‌లో ఆండ్రాయిడ్ ఎంత పాతదో చూసుకోండి. మీకు కావాల్సిన యాప్ "మీ డివైస్‌లో పనిచేయదు" అంటుంటే కొత్త బ్యాటరీ వేసి లాభం లేదు. యాప్‌లన్నీ తెరుచుకుంటుంటే మాత్రం రెండు వేల లోపు రిపేరుకి నా ఓటు.

అన్నట్టు అమ్మ టాబ్ కథ అక్కడితో అయిపోలేదు. పొట్టి వైరు మంచం దాకా అందట్లేదని రెండోరోజే పంచాయితీ పెట్టింది, పాత పొడుగు వైరే ఇమ్మంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి మంచం తలవైపు కొత్త ప్లగ్ పాయింటు వేయిస్తే 650 అయింది, రిపేరు కన్నా అదే ఎక్కువ.