నాలుగేళ్ల ఐఎస్ఓ 9001: మా వెల్డింగ్ షెడ్డులో నిజంగా పనిచేసిన కాగితం ఒక్కటే

గాజువాక ఆటోనగర్ దగ్గర మాకు చిన్న వెల్డింగ్ శిక్షణ కేంద్రం ఉంది. ఇద్దరు మాస్టార్లు, అకౌంట్స్ చూసే అమ్మాయి, నేను. పొద్దున పన్నెండు మంది, మధ్యాహ్నం పన్నెండు మంది నేర్చుకుంటారు. ఇక్కడ నేర్చుకున్న పిల్లలు ఓడల పనికో, స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టర్ల దగ్గరికో, గల్ఫ్‌కో వెళ్తుంటారు. 2021 మొదట్లో ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ తీసుకున్నాం. పని నాణ్యతను ఒక పద్ధతిలో చూసుకోవడానికి పెట్టిన అంతర్జాతీయ స్టాండర్డ్ అది. మూడేళ్లు నిండాక 2024లో మళ్లీ ఆడిట్ చేయించి పొడిగించుకున్నాం. మధ్యలో ఏటా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ వచ్చి చూసే నిఘా ఆడిట్లు ఎలాగూ ఉంటాయి. ఈ నాలుగేళ్ల పైచిలుకు అనుభవంతో రాస్తున్నాను. స్టేజ్ 1 అంటే ఏమిటి, స్టేజ్ 2 అంటే ఏమిటి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

నేను చెప్పాలనుకున్నది ఒక్క ఫారం గురించి. ఇంగ్లిష్‌లో నాన్ కన్ఫార్మిటీ రిపోర్ట్ అంటారు, మా షెడ్డులో మాత్రం అందరం 'ఎన్‌సీ కాగితం' అంటాం. తప్పు జరిగితే రాసే కాగితం. స్టాండర్డ్‌లో 10.2 క్లాజు. దాని మీద నాకు ఎంత ప్రేమ అంటే, రేపు సర్టిఫికెట్ వదులుకోవాల్సి వచ్చినా ఆ కాగితం వదలను.

అందులో నాలుగు గళ్లు ఉంటాయి. ఏం జరిగింది? అప్పటికప్పుడు ఏం చేశారు? ఎందుకు జరిగింది? ఇలాంటిదే ఇంకెక్కడైనా జరిగిందా, జరిగే వీలుందా? కింద కొన్నాళ్లు ఆగి నింపాల్సిన గడి ఇంకొకటి: చేసిన మార్పు పనిచేసిందా? మొదటి ఏడాది మేం రెండో గడి దగ్గరే ఆగిపోయేవాళ్లం. కుర్రాడి టెస్ట్ పీస్ ఫెయిలైతే ఇంకో పీస్ ఇచ్చి మళ్లీ చేయించడం, అయిపోయిందనుకోవడం. అది కరెక్షన్ మాత్రమే, అంటే జరిగినదాన్ని సరిదిద్దడం. మళ్లీ జరగకుండా కారణాన్నే తీసేసే కరెక్టివ్ యాక్షన్ కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు తలకెక్కింది ఆడిటర్ చెప్తే కాదు, 2022 ఆగస్టులో.

ఆ నెల 3జీ బెండ్ టెస్టులు పెట్టాం. నిలువుగా పెట్టిన ప్లేటుకు వెల్డింగ్ చేశాక, దాన్ని ముక్కలుగా కోసి ప్రెస్‌లో యూ ఆకారంలో వంచుతారు. లోపల గాలి బుడగ ఉన్నా, బీట ఉన్నా వంగినచోట నోరు తెరుస్తుంది. మూడు మిల్లీమీటర్లు దాటి తెరుచుకుంటే ఫెయిల్. పొద్దున బ్యాచ్‌లో పన్నెండు మందికి పదకొండు మంది పాసయ్యారు. మధ్యాహ్నం బ్యాచ్‌లో ఏడుగురు ఫెయిలయ్యారు. ముక్కలన్నీ బల్లమీద వరసగా పెట్టి చూస్తే, వంగినచోట సూది మొనంత రంధ్రాలు, ఒకదాని పక్కన ఒకటి. బ్లో హోల్స్.

మాస్టారు ఓడల పనిలో ముప్పై ఏళ్లు చేసి వచ్చిన మనిషి. ఆయన మాట మా దగ్గర వేదం. "మధ్యాహ్నం గుంటలకు తిన్నాక నిద్దర, ఆర్క్ పొడుగు లాగేస్తున్నారు" అన్నారు, అంటే రాడ్డు కొనను ప్లేటుకు దూరంగా పట్టేస్తున్నారని. నాకూ అదే నిజమనిపించింది. కారణం గడిలో 'ట్రెయినీల అజాగ్రత్త' అని రాసి సంతకం చేసి, కాగితం అకౌంట్స్ అమ్మాయికి ఇచ్చాను. ఎవరి పనిని వాళ్లే ఆడిట్ చేసుకోకూడదు కదా. నలుగురమే ఉన్నచోట ఇంకెవరు దొరుకుతారని ఆ అమ్మాయినే ఇంటర్నల్ ఆడిటర్‌గా పెట్టాం. వెల్డింగ్ గురించి తనకు ఏమీ తెలియదు.

ఆ సాయంత్రం కాగితం వెనక్కి తెచ్చింది. "సార్, మార్చిలో మధ్యాహ్నం బ్యాచ్ వాళ్లు కూడా తినే వచ్చారు కదా, మరి వాళ్లెందుకు పాసయ్యారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మాస్టారికి కొంచెం కోపం వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ఫైల్ మూయలేదు. పొద్దున బ్యాచ్‌కీ మధ్యాహ్నం బ్యాచ్‌కీ ఏమేం వేరు, ఏమేం ఒకటే అని ఓ తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టింది. మాస్టారు వేరు. మరి రెండో మాస్టారు మార్చిలోనూ ఉన్నారుగా? మెషిన్లు అవే. ప్లేట్లు అవే. రాడ్లు అదే కంపెనీవి, అదే పెట్టెలోవి. "రాడ్లు ఎక్కడి నుంచి తీస్తారు?" అని అడిగింది. ఓవెన్ నుంచి. "ఓవెన్‌లో ఎక్కడి నుంచి?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున వచ్చేవాళ్లు పై ట్రే ఖాళీ చేస్తారు. మధ్యాహ్నం వచ్చేవాళ్లకు కింద ట్రే మిగులుతుంది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. మేం వాడే 7018 రాడ్లు లో హైడ్రోజన్ రకం. పైన ఉండే పూత గాల్లో తేమను ఉప్పులా పీల్చుకుంటుంది. తేమ ఉన్న రాడ్డుతో వెల్డింగ్ చేస్తే ఆ తేమలోని హైడ్రోజన్ కరిగిన ఇనుములోకి చేరి రంధ్రాలు చేస్తుంది, దళసరి ప్లేట్లలో గంటలు గడిచాక బీటలు కూడా తెస్తుంది. అందుకే పెట్టె మీద కంపెనీ రాసిన వేడిలో ముందు కాల్చుకోవాలి. మా రాడ్లకు 300 డిగ్రీలు, గంటసేపు. వానాకాలం విశాఖలో రాత్రి ఉతికి ఆరేసిన చొక్కా పొద్దుటికి ఆరదు. అలాంటి గాలిలో విప్పిన పెట్టె ఎంతసేపు పొడిగా ఉంటుంది? మార్చిలో తేడా బయటపడకపోవడానికి కారణం ఇదే.

ఓవెన్ మీటరు మాత్రం 300 చూపిస్తోంది. దానికి కాలిబ్రేషన్ స్టిక్కర్, అంటే మీటరు సరిగ్గా చూపిస్తోందని పరీక్షించి అంటించేది, ఉంది. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ ఫైల్లో ఉంది. నాలుగు నెలల ముందు ఆడిటర్ ఆ సర్టిఫికెట్ చూసి టిక్కు కూడా పెట్టారు. అయినా ఓ డిజిటల్ థర్మామీటర్ తీగ లోపలికి పంపి, తలుపు మూసి, అరగంట ఆగి చూశాం. పై ట్రే 295. కింద ట్రే 190. సెన్సర్ కొన క్లిప్పులోంచి జారి పైన హీటర్ పక్కకు చేరింది. తలుపు చుట్టూ ఉండే తాడు కింద మూల చిరిగి, వేడి అటునుంచి పోతోంది. మీటరు అబద్ధం చెప్పలేదు, తన కొన ఉన్నచోటి వేడినే చెప్పింది. ల్యాబ్ వాళ్లు పరీక్షించిందీ మీటరునే, ఓవెన్‌ను కాదు. వాళ్లను అడిగింది మేమే అంతవరకు.

తాడు మార్పించడం, సెన్సర్ బిగించడం ఒక్క పూట పని. కానీ కాగితంలో నాలుగో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఇలాంటిదే ఇంకెక్కడైనా జరిగిందా?

ఆ గడి నింపడానికి మాకు రెండు వారాలు పట్టింది. అంతకుముందు రెండేళ్ల టెస్ట్ రికార్డులు తీశాం. వానాకాలం, మధ్యాహ్నం బ్యాచ్, ఫెయిల్. తొమ్మిది పేర్లు తేలాయి. ఆ తొమ్మిది మందికీ హాజరు సర్టిఫికెట్ మాత్రం ఇచ్చి, 'నీ చేతికి ఇంకా ప్రాక్టీసు కావాలి' అని పంపేశాం. కొందరితో ఆ మాట అన్నది నేనే. అందరికీ ఫోన్లు చేశాం. నలుగురి నంబర్లు పనిచేయలేదు. ఇద్దరు వేరే పనుల్లో కుదురుకున్నారు, రాలేమన్నారు. ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒక కుర్రాడిది యలమంచిలి వైపు. ఏడాదిగా తమ ఊళ్లో సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. సరిగ్గా కాల్చిన రాడ్లు ఇచ్చి ఎలాంటి ఫీజూ లేకుండా టెస్ట్ పెట్టాం. ప్రెస్‌లోంచి ముక్క బయటికి తీస్తే వంపు నున్నగా ఉంది, ఒక్క చుక్క లేదు. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో రెండుసార్లు తడిమి, "అయితే నా చెయ్యి అప్పుడూ బాగానే ఉందేటి సార్?" అన్నాడు.

నేను అవునన్నాను. ఇంకేం అనలేకపోయాను. ఆ ముక్క వాడికే ఇచ్చేశాను.

అందుకే ఆ నాలుగో గడి మీద నాకంత గురి. శిక్షణలో తప్పు జరిగితే దాని బరువు ఎప్పుడూ నేర్చుకునేవాడి నెత్తిన పడుతుంది. ఫెయిలైంది వాడు కాబట్టి లోపం వాడిదే అనుకుంటాం. కాదని చూపించే కాగితం అదొక్కటే. అక్రిడిటేషన్‌కో సర్టిఫికెట్‌కో సిద్ధమవుతున్న కేంద్రాలు నన్నడిగితే, మాన్యువల్ రాయడానికి ముందే, ఆడిట్‌కు కనీసం మూడు నెలల ముందే ఈ రిజిస్టరు తెరవమని చెప్తాను. అది ఖాళీగా ఉంటే మంచి ఆడిటర్ సంతోషించడు, అనుమానిస్తాడు. వెల్డింగ్ తెలియని మనిషినే ఆడిటర్‌గా పెట్టుకోమని కూడా చెప్తాను. అది మాకు ప్లాన్ చేసి దొరికింది కాదు, అయినా చెప్తాను.

ఇక మిగతా సంగతులు. సర్టిఫికెట్ వచ్చిన కొత్తలో ఫీడ్‌బ్యాక్ ఫారాలు అద్భుతమని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అలా అనలేను. మాస్టారు ఎదురుగా కూర్చుంటే ఏ కుర్రాడు మూడు మార్కులు వేస్తాడు? ఏడాది పొడుగునా అందరూ అయిదుకు అయిదే. ఆగస్టులో ఫెయిలైన ఏడుగురూ అయిదుకు అయిదే వేశారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరిన మూడు నెలలకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడుగుతున్నాం: గేటు దగ్గర టెస్టులో ఏం అడిగారు, మేం నేర్పనిది ఏముంది? దాంతో కొంత నయం. మేనేజ్‌మెంట్ రివ్యూ కూడా అంతే. రోజూ కలిసి టీ తాగే నలుగురం ఏడాదికోసారి మీటింగ్ మినిట్స్ రాసుకుంటే కొత్తగా తెలిసేది తక్కువ. కాలిబ్రేషన్ మంచిదే, కానీ స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ఓవెన్ కాలదని మాకు తెలిసొచ్చింది. ఇప్పుడు నెలకోసారి రెండు ట్రేలూ మేమే కొలిచి రాసుకుంటున్నాం.

కన్సల్టెంట్ విషయం చెప్పకుండా ఉండలేను. మేం పెట్టుకున్నాయన ఇచ్చిన డాక్యుమెంట్లు 2008 నాటి ఎడిషన్‌వి, పైన 2015 అని మార్చినవి. క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి అన్నాడు, మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ తప్పనిసరి అన్నాడు. 2015 ఎడిషన్‌లో ఆ రెండూ తప్పనిసరి కాదు. ప్రివెంటివ్ యాక్షన్ అనే విడి క్లాజు కూడా అందులో లేదు, దాని బదులు రిస్కుల గురించి ముందే ఆలోచించమంటుంది. అరవై పేజీల మాన్యువల్‌కు డబ్బు కట్టాం. ఇప్పుడు మేం నిజంగా వాడేది పదకొండు పేజీలు. ఎవరినైనా పెట్టుకునే ముందు, స్టాండర్డ్ కాపీ ఒకటి కొనుక్కుని మీరే చదవండి. అది చేతిలో ఉంటే ఎవరూ అంత సులువుగా మోసం చేయలేరు.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ విషయంలోనూ జాగ్రత్త. ఐఎస్ఓ ఎవరికీ నేరుగా సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చే సంస్థలకు మళ్లీ గుర్తింపు ఉండాలి, మన దేశంలో ఆ గుర్తింపునిచ్చేది ఎన్ఏబీసీబీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో భాగం. ఆడిట్ లేకుండా వారంలో సర్టిఫికెట్ పంపిస్తామని నాకు వచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రభుత్వ నైపుణ్య పథకాల కింద కేంద్రం నడపాలంటే కావాల్సిన అక్రిడిటేషన్ వేరు. అక్కడ గది కొలతలు, పరికరాలు, బయోమెట్రిక్ హాజరు అన్నీ విడిగా చూస్తారు. ఐఎస్ఓ కాగితం చూపించినా ఆ తనిఖీ తప్పదు. మా పక్క వీధిలో ఒకాయన ఇది తెలియక రెండింటికీ ఒకటే అనుకుని ఖర్చు పెట్టాడు. విద్యాసంస్థల కోసమే 2018లో వచ్చిన ఐఎస్ఓ 21001 కూడా ఉంది. మేం అటు వెళ్లలేదు, మా కాంట్రాక్టర్లు అడిగింది 9001 కాబట్టి.

మరి తీసుకోవచ్చా అంటే, నా పరిస్థితి చూసి చెప్పగలను అంతే. మాకు దీనివల్ల కొత్త అడ్మిషన్లు పెద్దగా పెరగలేదు. రెండు కాంట్రాక్టర్ల దగ్గర మాత్రం మా పేరు లిస్టులోకి ఎక్కింది. ఏటా ఆడిట్ ఫీజు కట్టే నెలలో కరెంటు బిల్లు కూడా భారంగానే ఉంటుంది. మా దగ్గర ఓవెన్ ఉంది, రాడ్లు ఉన్నాయి, నాలుగు కిలోమీటర్లలో సముద్రం ఉంది, కాబట్టి కొలిస్తే దొరికే తప్పులు ఎక్కువ. టైలరింగో ట్యాలీయో నేర్పేవాళ్లకు ఇంత లాభం ఉంటుందో లేదో నేను చెప్పలేను. వాళ్లు సర్టిఫికెట్ జోలికి పోకుండా, ఓ లాంగ్ నోటుబుక్కు కొని అయిదు గళ్లు గీసుకున్నా చాలేమో.

వచ్చే నెల మాకు మళ్లీ నిఘా ఆడిట్. రిజిస్టర్లో మూడు ఎన్‌సీలు ఇంకా తెరిచే ఉన్నాయి. వాటిలో ఒకటి గ్రైండర్ గార్డుల గురించి. దాని నాలుగో గడి ఇంకా నింపలేదు, ఆ అమ్మాయి రోజూ గుర్తు చేస్తోంది.