బాపుకు చెవి మిషన్: జేబుదా, చెవి వెనకదా?

హన్మకొండలో బాపుకు వినికిడి పరీక్ష చేయించాక ఈ రెండింటి మధ్యే ఊగిసలాడాం.

జేబులో పెట్టుకుని వైరుతో చెవికి తగిలించుకునే జేబు మిషన్ చవక. పెన్సిల్ సెల్ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. సౌండ్ తిప్పే చక్రం వణికే వేళ్లకూ అందుతుంది. కానీ అంగీ రాసుకున్నప్పుడల్లా చెవిలో గరగర.

చెవి వెనక పెట్టుకునే డిజిటల్ మిషన్ వేరు. వయసుతో వచ్చే చెవుడులో సాధారణంగా ముందు పోయేవి స, ష, త లాంటి సన్నని శబ్దాలు. అందుకే బాపు "వినబడుతుంది బిడ్డా, ఏమంటున్నారో తెలుస్తలేదు" అంటాడు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్షలో వచ్చే గ్రాఫ్) చూసి, తగ్గిన శబ్దాలనే ఎక్కువ పెంచేలా దీన్ని సెట్ చేస్తారు. చిక్కంతా బ్యాటరీతోనే. శనగ గింజంత ఉంటుంది. స్టిక్కర్ పీకి, గాలి తగలనిచ్చి వేయాలి. ఒకసారి పీకితే వాడకపోయినా అయిపోతూనే ఉంటుంది. రీఛార్జ్ మోడల్‌కు ఈ గోల లేదు, ధరే ఎక్కువ.

నేనైతే చెవి వెనకదే అంటాను. వేళ్లు బొత్తిగా సహకరించకపోతే జేబుదే నయం. కొనేముందు 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరం దగ్గర్లో ఉందేమో కనుక్కోండి. అర్హులైన పేద వృద్ధులకు అందులో మిషన్ ఉచితం.