ప్రైవేట్ గోల్ఫ్ క్లబ్బుల్లో అతిథిగా కొన్నేళ్లు: చొక్కా కాలర్ నుంచి కేడీ డబ్బుల దాకా

న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో గోల్ఫ్ పిచ్చి పట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ప్రైవేట్ క్లబ్బులో మెంబర్‌షిప్ ఉన్నవాళ్లు మాత్రం తక్కువ. మిగతావాళ్లం ఆ గేటు దాటేది ఎవరైనా పిలిస్తేనే. క్లయింటో, పాత మేనేజరో, పిల్లల స్కూల్లో పరిచయమైన పెద్దమనిషో పిలవాలి. నేను చాలా ఏళ్లుగా అలా పిలిపించుకుని ఆడుతున్నవాణ్ణే. మెంబరునవ్వాలన్న ఆలోచన లేదు, అంత డబ్బూ లేదు. అందుకని ఇది ఏ ఒక్క క్లబ్బు మీదో రాస్తున్న సమీక్ష కాదు. ఈ క్లబ్బులు అతిథి నుంచి కోరే బట్టలు, మర్యాదల మీద. ఇన్నేళ్లు పాటించాక వాటిలో ఏది అర్థమున్నదో, ఏది వట్టి ఆర్భాటమో నాకు ఓ అభిప్రాయం ఏర్పడింది.

ముందే చెప్పేస్తాను. కాగితం మీద ఉన్న రూల్స్‌తో నాకు పేచీ లేదు. కొత్తవాణ్ణి ఇబ్బంది పెట్టేవి ఎక్కడా రాయనివే.

బట్టల సంగతి చూద్దాం. మగవాళ్లకు కాలర్ ఉన్న చొక్కా, అదీ టక్ చేసి, బెల్టు పెట్టుకుని. ప్యాంటు గానీ మోకాలి దాకా వచ్చే మామూలు నిక్కరు గానీ ఫరవాలేదు. పక్కన పెద్దపెద్ద జేబులు వేలాడే కార్గో నిక్కరు కుదరదు. జీన్స్ అయితే పార్కింగ్‌లో దిగేటప్పుడు కూడా వద్దు. టోపీ ముందుకే ఉండాలి, లోపలికి అడుగుపెట్టగానే చేతిలోకి రావాలి. బూట్లకు ఇనుప మేకులు ఉండకూడదు. అవి గ్రీన్‌ను (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని) చీలుస్తాయని తొంభైల్లోనే చాలా క్లబ్బులు వాటిని మానిపించి ప్లాస్టిక్ స్పైక్స్‌కు మార్చాయి. ఇవన్నీ సగటు క్లబ్బు వెబ్‌సైటులో ఒక పేజీలో ఉంటాయి. చదవడానికి ఐదు నిమిషాలు చాలు.

కొనడానికీ పెద్ద ఖర్చు లేదు. నా దగ్గర ఖరీదైన బ్రాండు పోలోలు కొన్ని, కాస్ట్‌కోలో కొన్న కిర్క్‌ల్యాండ్ పోలోలు కొన్ని ఉన్నాయి. జూలై ఎండలో రెండూ ఒకేలా ఆరతాయి, రెండిటికీ కాలర్ నిలబడే ఉంది. నా చొక్కా మీద ఏ బొమ్మ ఉందో ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. కాటన్ పోలోలు మాత్రం కొనకండి. నాలుగో హోల్ దగ్గరకే వీపుకు అంటుకుపోతాయి, టక్ ఊడిపోతుంది, ఉతికిన కొద్దీ కాలర్ మూలలు పైకి లేస్తాయి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. క్లబ్బుల్లో కార్టు (గోల్ఫ్ బండి) వద్దని నడిచే మెంబర్లు ఎక్కువ, పొద్దున మంచు తడి ఉంటుంది. నీళ్లు దిగని బూట్లు లేకపోతే సాయంత్రానికి కాళ్లు మీవి కావు. తెల్ల ప్యాంటు జోలికి పోవద్దు. బంకర్ అనే ఇసుక గుంట తడిగా ఉన్న రోజున దాని సంగతి చూడాలి.

ఆడవాళ్ల విషయంలో రూల్ కొంచెం తికమకగా ఉంటుంది. కాలర్ ఉంటే చేతుల్లేకపోయినా సరే, చేతులుంటే కాలర్ లేకపోయినా సరే అనే క్లబ్బులు చాలా ఉన్నాయి. లెగ్గింగ్స్ మాత్రం కష్టం. ప్రొఫెషనల్ ఆటగాళ్లకూ ఈ గొడవ తప్పలేదు. 2017లో మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ సంస్థ ఎల్‌పీజీఏ మెడ లోతుగా ఉన్న టాప్‌లు, లెగ్గింగ్స్ వద్దని, కాదంటే వెయ్యి డాలర్లు జరిమానా అని చెప్పి బోలెడు విమర్శలు తెచ్చుకుంది. మగవాళ్ల వైపు చూస్తే అమెరికా ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ 2019లో గానీ నిక్కర్లకు ఒప్పుకోలేదు, అదీ ప్రాక్టీసుకు, ప్రొఫెషనల్స్ మామూలు ఆటగాళ్లతో కలిసి ఆడే ప్రో-యామ్‌కు మాత్రమే. అంటే క్లబ్బులో అతిథిగా నేను హాయిగా నిక్కరు వేసుకుని తిరగొచ్చు, టోర్నమెంట్ ఆడే ప్రొఫెషనల్ మాత్రం ప్యాంటులో ఉడికిపోవాలి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్ ఆటగాడు టైరల్ హాటన్ అక్కడి వెంట్‌వర్త్ క్లబ్బులో బీఎండబ్ల్యూ పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను హుడీ (తల మీదికి లాక్కునే ముసుగున్న స్వెట్‌షర్టు) వేసుకుని గెలిచాక, హుడీ గోల్ఫ్ బట్టేనా అని ఇంగ్లండ్ క్లబ్బుల్లో పెద్ద చర్చే నడిచింది. ఇప్పుడు నేను వెళ్లే చోట్ల కుర్ర మెంబర్లు వేసుకునే కనిపిస్తారు. అయినా అతిథిగా నేను వేసుకోను. మెంబరుకు చెల్లింది మనకు చెల్లాలని లేదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. క్లబ్బులో అతిథి పొరపాటు చేస్తే మేనేజరు అతిథిని ఏమీ అనడు. హెచ్చరిక ఉత్తరం మెంబరుకు వెళ్తుంది. మన గెస్ట్ ఫీజు, తిండి, మన ప్రవర్తన, మొత్తం ఆయన ఖాతాలోనే పడతాయి. మన ఊళ్లో ఒకరి వెంట వాళ్ల వియ్యాలవారింటికి వెళ్లినట్టే అనుకోండి. మనవల్ల తీసుకెళ్లినవాళ్లకు మాట రాకూడదు. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతా మర్యాదలు సగం వాటంతటవే తెలుస్తాయి.

మిగతా సగం అడిగి తెలుసుకోవాల్సిందే. బూట్లు ఎక్కడ మార్చుకోవాలి? కారు డిక్కీ అంచున కూర్చుని మార్చుకోవడం పబ్లిక్ కోర్సుల్లో అందరికీ అలవాటు, చాలా ప్రైవేట్ క్లబ్బుల్లో అది నచ్చదు. లాకర్ రూముకు వెళ్లాలి. ఫోను ఎక్కడ మాట్లాడొచ్చు? కొన్నిచోట్ల భవనంలో ఫోను బయటకు తీయడమే నేరం, పార్కింగ్‌కు నడిచి వెళ్లాలి. మన ఐటీవాళ్లకు ఇది నిజంగా టెన్షన్. ఆన్‌కాల్ వారంలో ఉంటే ఆహ్వానం ఒప్పుకోకపోవడమే మేలు. పదో హోల్ దగ్గర ప్రొడక్షన్ పడిపోతే అటు సర్వరూ లేవదు, ఇటు ఆటా సాగదు. ఫోటోల సంగతీ అంతే. గ్రీన్‌ను తీసుకోండి, స్కోర్‌కార్డును తీసుకోండి. పక్క టేబుల్ దగ్గర భోంచేస్తున్న మెంబర్లు మీ వాట్సాప్ స్టేటస్‌లో కనపడకూడదు. భోజనాల హాల్లో ఆఫీసు కాగితాలు పరచడం కూడా చాలా క్లబ్బుల్లో నిషేధం. డీల్ మాట్లాడుకోవడానికే వచ్చారని అందరికీ తెలిసినా సరే.

డబ్బు దగ్గర మనవాళ్లకు ఇంకో చిక్కు. బిల్లు కోసం పోట్లాడటం మనకు మర్యాద. "ఈసారి నేను కడతానండీ" అంటూ వెయిటర్ చేతిలోకి కార్డు తోసేస్తాం. చాలా క్లబ్బుల్లో అది కుదరనే కుదరదు. లెక్కంతా మెంబరు నంబరు మీదే నడుస్తుంది. గెస్ట్ ఫీజు వంద డాలర్లు దాటడం ఇక్కడ మామూలు విషయం కాబట్టి లోపల మనసు పీకుతూనే ఉంటుంది. ఊరుకోండి. మీరు ఇవ్వగలిగేది కేడీ డబ్బులు, అంటే ఆటలో మన బ్యాగు మోసే మనిషికి ఇచ్చేవి. అది నగదుగా, ఆట అయ్యాక ఇవ్వాలి. మా వైపు ఒక బ్యాగు మోసినందుకు వందా, ఆ పైనా నడుస్తోంది. ఎంత అని కేడీనే అడిగితే ఇబ్బందిపడతాడు. మొదటి హోల్‌కు ముందే మెంబరును పక్కకు పిలిచి అడగండి. ఇద్దరి కేడీలకూ మీరే ఇస్తానంటే చాలామంది మెంబర్లు ఒప్పుకుంటారు. లాకర్ రూములో బూట్లు తుడిచిపెట్టే మనిషికి, బ్యాగు దించిన కుర్రాడికి టిప్ ఇవ్వాలా అన్నదీ ముందే తెలుసుకోవాలి. కొన్ని క్లబ్బులు టిప్‌లే వద్దంటాయి, బలవంతంగా ఇస్తే వాళ్ల ఉద్యోగానికే చేటు. ఆటలో చిన్న పందెం ఉంటుంది. ఓడితే అక్కడికక్కడే నోట్లు ఇచ్చేయాలి. కాబట్టి పర్సులో చిల్లర నోట్లు దండిగా పెట్టుకోండి.

ఇంకోటి. "మెంబర్‌షిప్ ఎంతండీ?" అని అడక్కండి. మనకు జీతమూ, ఇంటి ధరా అడగడం పలకరింపులో భాగం. అక్కడ ఆ ప్రశ్నకు బల్ల చుట్టూ అందరూ నీళ్ల గ్లాసు అందుకుంటారు.

ఆటలో మర్యాద గురించి పేజీలకు పేజీలు రాస్తారు గానీ, నా అనుభవంలో నిజంగా పట్టించుకునేది ఒక్కటే: వేగం. బాగా ఆడకపోయినా ఎవరికీ కోపం రాదు. మెల్లగా ఆడితే వస్తుంది. వెనక వస్తున్నవాళ్లు మెంబర్లు, రేపు మీ హోస్టుకు ఎదురుపడేవాళ్లు. 2019లో మారిన రూల్స్ ఇక్కడ అతిథికి మేలే చేశాయి. పోయిన బంతిని వెతకడానికి ఐదు నిమిషాలకు బదులు మూడే. జెండా కర్ర తీయకుండానే పుట్ చేయొచ్చు (బంతిని గుంటలోకి దొర్లించొచ్చు). దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలన్న పట్టింపు లేకుండా, సిద్ధంగా ఉన్నవాడు కొట్టేయొచ్చు. హోల్ చేజారిపోయిందనుకుంటే బంతి తీసి జేబులో వేసుకోండి. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) లెక్కలో ఎలాగూ ఒక్కో హోల్‌కు నెట్ డబుల్ బోగీ అనే గరిష్ఠానికి మించి వేసుకోరు. ఎనిమిది దెబ్బలకో తొమ్మిదికో పూర్తిచేసి మీరు నిరూపించేది ఏమీ లేదు. గ్రీన్ మీద బంతి పడ్డ గుంట సరిచేయడం, లేచిన గడ్డిపెళ్ల తిరిగి పెట్టడం, బంకర్‌లో అడుగుల గుర్తులు రేక్‌తో చెరపడం అలవాటు కావాలి. మీ గుంటతో పాటు పక్కన ఇంకెవరో వదిలేసిన గుంట కూడా సరిచేస్తే, హోస్టు ఏమీ అనకపోయినా చూస్తాడు.

ఇప్పుడు బట్టల వెనక ఉన్న చరిత్ర గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డ్రెస్ కోడ్ అనగానే "ఇదంతా మనల్ని దూరం పెట్టడానికే" అనే స్నేహితులు నాకున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. బొంబాయిలో విల్లింగ్డన్ స్పోర్ట్స్ క్లబ్బు 1918లో మొదలైంది. తెల్లవాళ్ల క్లబ్బుల్లోకి భారతీయులను రానివ్వని రోజుల్లో అందరూ కలిసి కూర్చునే చోటుగా పెట్టారు. అదే క్లబ్బు 1988లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌ను చెప్పుల్లేకుండా వచ్చాడని వెనక్కి పంపింది. హైదరాబాద్‌లో సినిమా ఘర్ మ్యూజియం కట్టింది కూడా ఆయనే కాబట్టి మనవాళ్లకు ఆయన ఒట్టి కాళ్ల సంగతి కొత్త కాదు. డెబ్బై ఏళ్లలో గేటు దగ్గర తెల్లవాళ్ల చోట మనమే నిలబడ్డాం, అంతే తేడా. 2014లో చెన్నైలో క్రికెట్ సంఘం క్లబ్బు పంచె కట్టుకుని వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. దాని మీద రేగిన గొడవకు అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఏకంగా చట్టం చేసింది. పంచె కట్టినవాణ్ణి ఆపే క్లబ్బు లైసెన్సు రద్దు చేయవచ్చు.

అయితే ఒకటి గమనించండి. పంచెను ఆపిన రూల్ కాగితం మీద ఉంది కాబట్టే దాని మీద కొట్లాడగలిగారు. కాగితం మీద లేనిదాన్ని ఏం చేస్తారు? 1990లో అలబామాలోని షోల్ క్రీక్ క్లబ్బులో పీజీఏ ఛాంపియన్‌షిప్ జరగబోతుండగా, అక్కడ నల్లజాతి సభ్యుడు ఒక్కడూ లేడన్న సంగతి రచ్చకెక్కింది. స్పాన్సర్లు ప్రకటనలు వెనక్కి తీసుకున్నాకే కదలిక వచ్చింది. ఆ ఏడాదే మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే అగస్టా నేషనల్ క్లబ్బు తన మొదటి నల్లజాతి మెంబరును తీసుకుంది. మొదటి మహిళలు, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్, వ్యాపారవేత్త డార్లా మూర్, చేరడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. స్కాట్లాండ్‌లో ముయిర్‌ఫీల్డ్ క్లబ్బు 2016లో మహిళల సభ్యత్వం మీద ఓటు పెడితే 64 శాతం సరేనన్నా మూడింట రెండొంతులు రాలేదని ఆగిపోయింది. ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఇక మీ దగ్గర పెట్టబోమని దాన్ని నడిపే ఆర్ అండ్ ఏ సంస్థ చెప్పాక, మరుసటేడు మళ్లీ ఓటేసి ఒప్పుకున్నారు. ఇందులో ఎక్కడా కాలర్ ప్రసక్తి లేదు. అందుకే కాలర్ మీద నాకు కోపం రాదు. పాతిక డాలర్లు పెడితే తీరిపోయే షరతు అది. కొన్ని క్లబ్బులు మగవాళ్లకే అన్న పద్ధతి ఇంకా వదల్లేదు. అలాంటి చోటి నుంచి పిలుపు వస్తే నేను పని ఉందని చెబుతాను.

ఇండియా వచ్చినప్పుడు మా బావతో గోల్కొండ దగ్గర నయా ఖిల్లాలో ఉన్న కోర్సులో ఆడతాను. అబ్దుల్లా కుతుబ్ షా నాటి గోడల మధ్య ఆట, లోపల హతియాన్ కా ఝాడ్ అనే ఆ లావుపాటి బావోబాబ్ చెట్టు. అక్కడి తీరు వేరు. కేడీ లేకుండా ఆడేవాళ్లు అరుదు. గడ్డి, గాలి, బంతి కొట్టడానికి ఏ కర్ర వాడాలో అన్నీ అతనే చెబుతాడు, అదీ చాలాసార్లు మనకంటే బాగా ఆడేవాడు. నాకు నచ్చనిది ఒకటే. అక్కడ పెద్దపెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా తండ్రి వయసు కేడీని "ఒరేయ్" అని పిలుస్తుంటారు. టక్ మాత్రం చెక్కుచెదరదు. ఏ క్లబ్బు రూల్ పుస్తకంలోనైనా ఒక్క వాక్యం చేర్చే వీలుంటే నేను దీని మీదే చేరుస్తాను.

ఆట అయ్యాక చేతితో రాసిన కార్డు పంపండి. ఇక్కడివాళ్లు మెయిల్ కంటే దానికి విలువిస్తారు. పిలుపుకు బదులు తీర్చుకోవడం మరో సమస్య, మన దగ్గర క్లబ్బు లేదు కదా. టైటలిస్ట్ బంతుల డజను డబ్బా ఒక దారి. ఇంటికి భోజనానికి పిలవడం రెండోది, మా ఆవిడ గోంగూర మటన్ తిన్న హోస్టులు మళ్లీ పిలవకుండా ఉన్నది లేదు. నాకు బాగా నచ్చిన దారి మాత్రం వాళ్లను లాంగ్ ఐలండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్‌కు తీసుకెళ్లడం. ప్రభుత్వ పార్కులోని కోర్సు, 2002, 2009 యూఎస్ ఓపెన్లు, 2025 రైడర్ కప్ జరిగిన చోటు. ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడేవాళ్లకు మాత్రమే అని ఆట మొదలయ్యే మొదటి టీ దగ్గర బోర్డు పెట్టి మరీ హెచ్చరిస్తారు. కార్టులుండవు, అందరూ నడవాల్సిందే. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) కోసం పార్కింగ్‌లో కార్లలో పడుకునేవాళ్లు ఉన్నారు. ఎంత పెద్ద క్లబ్బు మెంబరైనా అక్కడ వరసలో నిలబడాలి, బూట్లు డిక్కీ మీద కూర్చునే మార్చుకోవాలి. న్యూయార్క్ డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఫీజు చాలా తక్కువ. జెర్సీవాళ్లం పూర్తిగా కట్టాల్సిందే, కాబట్టి బుక్ చేసే ముందు హోస్టు లైసెన్సు ఏ రాష్ట్రానిదో కనుక్కోండి.