విక్ట్రాన్ మల్టీప్లస్ 3000: డబ్బా బాగుంది, మరి పడవలో ఎక్కడ పెడతారు?

అమెరికాలోని చెసపీక్ బేలో తిరిగే మా 36 అడుగుల సెయిల్‌బోట్‌లో విక్ట్రాన్ మల్టీప్లస్ 12/3000/120 పెట్టించాం. ఇన్వర్టర్, బ్యాటరీ చార్జర్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టేసినప్పుడు ఒడ్డు కరెంటుతో బ్యాటరీలు నింపుతుంది, లంగరేసినప్పుడు అవే బ్యాటరీల నుంచి 120 వోల్టులు ఇస్తుంది. పనితనానికి ఐదు స్టార్లూ ఇచ్చేస్తాను, అందులో రెండో మాట లేదు. కానీ నేను చూసిన రివ్యూలన్నీ యాప్ గురించి, సెట్టింగుల గురించే. 18 కిలోల ఈ నీలం డబ్బాని పడవలో ఎక్కడ బిగించాలి అనేది కొన్నాక గానీ ఎవరికీ గుర్తు రాదు. అది ముందే తేలాలి.

మన ఇళ్లలో అయితే ఇన్వర్టర్‌ని మెట్ల కిందకి తోసేస్తే సరిపోతుంది. పడవ గాలికి ఒక పక్కకి ఒరిగి, అలల మీద ఎగిరి పడుతూ పోతుంది కాబట్టి బరువు ఎంత కిందకి, ఎంత మధ్యకి ఉంటే అంత మంచిది. పడవ ముక్కు దగ్గర పడక కింద బోలెడంత ఖాళీ కనిపిస్తుంది, ఆశపడకండి. ఇన్వర్టర్ వెళ్తే బ్యాటరీలూ దాని వెంటే వెళ్లాలి, 100 యాంపియర్ అవర్ ఏజీఎం (ఒక రకం లెడ్ బ్యాటరీ) ఒక్కొక్కటి 30 కిలోల దాకా తూగుతుంది, నాలుగు పెట్టారంటే ఎదురు అలల్లో ముక్కు నీళ్లలో పొడుచుకుంటూనే పోతుంది. అలాగని మరీ అడుక్కి, నీళ్లు చేరే బిల్జ్‌లోకి దించడానికీ లేదు. దీనికి ఉన్నది ఐపీ21 రేటింగ్, అంటే పైనుంచి పడే నీటి చుక్కల వరకే తట్టుకుంటుంది.

బ్యాటరీలు దగ్గరే ఎందుకు ఉండాలంటే, 2,400 వాట్లు లాగినప్పుడు 12 వోల్టుల వైపు 200 యాంపియర్లకి పైనే ప్రవహిస్తుంది. 5 మీటర్ల లోపైతే ప్లస్‌కి రెండు, మైనస్‌కి రెండు, 50 చదరపు మిల్లీమీటర్ల కేబుళ్లు వేయమంటుంది మాన్యువల్. అది దాటితే 70. ఆ లావు రాగి తీగని లాకర్ (పడవలో సామాన్లు పెట్టే అర) మూలల్లో వంచడం ఎంత కష్టమో, దాని ధర ఎంతో చూస్తే దూరంగా పెట్టాలన్న ఆలోచనే పోతుంది. దగ్గర అన్నాను కదా అని లెడ్ బ్యాటరీల మీద మాత్రం పెట్టకండి, వాటి నుంచి వచ్చే ఆవిరికి లోపల తుప్పు పడుతుంది.

ఇంజిన్ గది కూడా వద్దనే అంటాను. 25 డిగ్రీల్లో 2,400 వాట్లు ఇచ్చేది 40 డిగ్రీల్లో 2,200, 65 డిగ్రీల్లో 1,700 మాత్రమే ఇస్తుంది. ఇక్కడ ఎండాకాలం ఇంజిన్ ఆపాక ఆ గది మూత తీస్తే మొహం మీదకి సెగ కొడుతుంది. అదే పెట్రోల్ ఇంజిన్ అయితే ఆలోచించే పనే లేదు, పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి డబ్బా లోపలి రిలేల (తమంతట తామే మారే స్విచ్చుల) నిప్పురవ్వ ఒక్కటి చాలు.

చివరికి నావిగేషన్ టేబుల్ (మ్యాపులు పరిచి దారి చూసుకునే బల్ల) సీటు కింద, గట్టి బల్క్‌హెడ్‌కి (పడవ లోపలి అడ్డగోడకి) బోల్టులతో బిగించాం. బ్యాటరీలు పక్క లాకర్‌లోనే. పని చేసిన ఎలక్ట్రీషియన్ డబ్బా తెచ్చే ముందే అదే కొలతల్లో, అంటే దాదాపు 36×26×22 సెంటీమీటర్లలో, ఒక అట్టపెట్టె చేసుకొచ్చాడు. దాన్ని ఒక్కో లాకర్‌లో పెట్టి, చుట్టూ గాలికి 10 సెంటీమీటర్లు మిగులుతుందా, స్పానర్ పట్టుకున్న చెయ్యి టెర్మినళ్ల దాకా వెళ్తుందా, 400 యాంపియర్ల ఫ్యూజ్ చీకట్లో కూడా అందుతుందా అని చూశాడు. మాకు నచ్చిన రెండు చోట్లని ఆ అట్టపెట్టే కొట్టేసింది. తర్వాత ఆటోపైలట్ (పడవని తనంతట తానే నడిపే పరికరం) కంపాస్ ఎక్కడుందని అడిగాడు! ఇంత కరెంటు మోసే తీగలు దాని పక్కనుంచి వెళ్తే కెటిల్ ఆన్ చేసినప్పుడల్లా అది పడవ దిక్కుని తప్పుగా చూపిస్తుందట. అందుకే ప్లస్, మైనస్ తీగల్ని కలిపి కట్టి, కంపాస్‌కి దూరంగా తిప్పాడు.

ఫ్యాన్ శబ్దం ఉంటుంది, బ్యాటరీలు బాగా దిగిపోయి ఫుల్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ. పడక కింద పెడితే నిద్ర పట్టదు. ఖాళీగా ఆన్‌లో ఉన్నా 20 వాట్ల దాకా తింటుంది కాబట్టి స్విచ్ చేతికి అందే చోట ఉండాలి, మాది టేబుల్ పక్కనే పెట్టించాం. ఫోన్లు, ల్యాప్‌టాప్ చార్జింగ్ వరకే అయితే ఇంత పెద్దది అక్కర్లేదు. మైక్రోవేవ్, కెటిల్ వాడేవాళ్లు తీసుకోండి, ముందు మాత్రం ఒక అట్టపెట్టె చేసుకోండి.