ఫ్రైబుర్గ్‌లో పోయిన 40 యూరోలు, బాసెల్‌లో 6 ఫ్రాంకుల కాఫీ

మా బావమరిదికి బాసెల్‌లో ఉద్యోగం వచ్చింది. జర్మనీలో ఉంటూ రోజూ సరిహద్దు దాటాలా, స్విట్జర్లాండ్‌లోనే ఇల్లు తీసుకోవాలా అన్నది వాడికి తెగలేదు. "రెండూ చూసొద్దాం పదండి" అని మా ఆవిడ బయల్దేరదీసింది. 2025 జూలైలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో నాలుగు రాత్రులు, బాసెల్‌లో మూడు.

ఫ్రైబుర్గ్ ఊరికి నేను వంక పెట్టను. వీధుల వెంట పారే పిల్లకాలువల్లో పాదాలు ముంచుకుని కూర్చుంటే ఎండే తెలియలేదు. వంకంతా మేం దిగిన ఇంటికే. రాత్రికి 92 యూరోలు, పైన 100 యూరోల డిపాజిట్. ఆదివారం పొద్దున మా ఆవిడ వాషింగ్ మెషీన్ వేసిందో లేదో ఇంటావిడ తలుపు కొట్టింది. ఆదివారం చప్పుడు చేయకూడదట. సరే అని ఖాళీ గాజు సీసాలు పడేయడానికి వీధి చివరికి వెళ్తే, ఆదివారం వేయొద్దని అక్కడా బోర్డు. సీసాలు చంకన పెట్టుకుని తిరిగొచ్చాను.

ఖాళీ చేసే రోజు అసలు దెబ్బ. పెరుగు డబ్బాను ప్లాస్టిక్ ప్యాకింగ్ చెత్త వేసే పసుపు సంచిలో కాకుండా కాగితాల డబ్బాలో వేశామని డిపాజిట్‌లో ఇంటావిడ 40 యూరోలు కోసేసింది. చేయి పెట్టి తీస్తే అర నిమిషం పని! రసీదు అడిగితే మెయిల్ చేస్తానంది, ఇప్పటికీ రాలేదు. డబ్బా వేసింది నేనే కాబట్టి మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

బాసెల్‌కు రైల్లో ముప్పావు గంట. మా రైలు 52 నిమిషాలు లేటు. ఆలస్యం గంట నిండితే టికెట్ డబ్బులో పావు వంతు తిరిగిస్తారు. దానికీ పెట్టి పుట్టలేదు.

బాసెల్ హోటల్లో చిన్న గదికే 168 ఫ్రాంకులు. కాఫీ 6 ఫ్రాంకులు. "చల్లారిపోయినా వదలకుండా తాగండి" అంది మా ఆవిడ. కానీ హోటల్లో దిగినవాళ్లకు ఊళ్లో ట్రామ్‌లు, బస్సులు ఉచితం, ఫౌంటెన్ల నీళ్లు తాగొచ్చు. సాయంత్రం రైన్ నది ఒడ్డున చూసిందైతే మర్చిపోలేను. ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు బట్టలు చేప ఆకారం సంచిలో పెట్టి మూతి బిగించి, దాన్ని పట్టుకుని నదిలో కిందికి తేలిపోతున్నారు. మా బావమరిది కూడా ఒక సంచి కొనుక్కుని దిగాడు. వారం రోజుల్లో వాడి ముఖంలో నవ్వు చూసింది అప్పుడే.

నేను బాసెల్‌కే ఓటు వేశాను. "బావా, అక్కడ ఇంట్లో ఉన్నావు, ఇక్కడ హోటల్లో. ఇక్కడా చెత్తకు పన్ను కట్టిన నీలం సంచులే వాడాలి, తెలుసా?" అన్నాడు వాడు. మా ఆవిడ ఇంకో లెక్క తీసింది. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు ఖర్చు లేకుండా చేరతారు. స్విట్జర్లాండ్‌లో తల తలకూ విడిగా ప్రీమియం కట్టాలి, పెద్దవాళ్లయితే ఏటా వైద్యం ఖర్చులో కనీసం మొదటి 300 ఫ్రాంకులు చేతినుంచే పెట్టుకోవాలి. "రేపు పెళ్లి చేసుకోవా ఏంటి?" అని తమ్ముణ్ణి నిలదీసింది.

శనివారం 8వ నంబర్ ట్రామ్ ఎక్కాం. అది సరిహద్దు దాటి జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ దాకా వెళ్తుంది. ట్రామ్ నిండా ఖాళీ సంచులతో స్విట్జర్లాండ్ వాళ్లే! జీతం ఫ్రాంకుల్లో, సరుకులు యూరోల్లో. స్విట్జర్లాండ్‌లోకి తెచ్చుకునే సరుకుల మీద పన్ను మినహాయింపును 2025 నుంచి మనిషికి 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించారు, అయినా జనం తగ్గినట్టు లేరు. సరుకుల మీద జర్మనీలో కట్టిన పన్ను వెనక్కి రావడానికి కస్టమ్స్ ముద్ర కోసం క్యూ కూడా ఉంది.

మా బావమరిది వైల్‌లోనే ఇల్లు చూస్తున్నాడు. అద్దె కట్టేది వాడు, నేనేం అనగలను? డిపాజిట్ ఇచ్చేముందు చెత్త డబ్బాలన్నిటికీ ఫొటోలు తీసుకోమని మాత్రం చెప్పాను.