అమ్మేయడమా, మార్చడమా, మూసేదాకా ఉంచుకోవడమా?

బొగ్గు వదిలించుకోవడానికి యూరప్ కరెంటు కంపెనీలు పట్టిన దారులు ప్రధానంగా మూడు. ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: పొయ్యి ఆరిందా, చేతులు మారిందా?

2016లో స్వీడన్ ప్రభుత్వ కంపెనీ వాటెన్‌ఫాల్ తూర్పు జర్మనీలోని తన లిగ్నైట్ (నాసిరకం గోధుమరంగు బొగ్గు) గనుల్నీ ప్లాంట్లనీ చెక్ కంపెనీ ఈపీహెచ్‌కీ, దాని భాగస్వామికీ ఇచ్చేసింది. అమ్మింది అనడానికి నోరు రాదు, ఎందుకంటే రేపు గనులు పూడ్చాల్సిన బాధ్యత కింద భారీగా నగదు కూడా వెంట ఇచ్చి పంపింది. కట్నమిచ్చి సాగనంపినట్టు. వాటెన్‌ఫాల్ పద్దులో పొగ ఒక్కసారిగా తగ్గిపోయింది. అక్కడ మాత్రం అదే గని, అదే పొగగొట్టం; బోర్డు మీద పేరు లీగ్ అని మారిందంతే. మన వాకిలి ఊడ్చి చెత్త పక్కింటి ముందు పోస్తే వీధి శుభ్రమైనట్టా?

డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ కథ వేరు. దాని పాత పేరు డాంగ్ ఎనర్జీ; ఆ పేరులోనే చమురు, గ్యాస్ ఉండేవి. 2009లో దాని కరెంటు, వేడి ఉత్పత్తిలో 85 శాతం బొగ్గు, గ్యాస్ లాంటి వాటి నుంచే. 2040కల్లా దీన్ని తిరగేస్తామన్నారు, 2019కే తిరగేశారు. సముద్రంలో గాలిమరలు వాళ్లకి కొత్తేమీ కాదు. 1991లో విండెబీ దగ్గర 11 మరలు పాతారు, ఒక్కోటి 450 కిలోవాట్లు. ఇప్పుడు ఇంగ్లండ్ తీరాన హార్న్‌సీ 2లో ఒక్క మర 8 మెగావాట్లు. అంటే ఆనాటి పార్కు మొత్తం కలిపినా ఈ ఒక్కదానికి చాలదు. బొగ్గు ప్లాంట్లను కొన్నిచోట్ల చెక్క గుళికల మీదికి మార్చారు (చెట్టు కాల్చడం శుభ్రమెలా అవుతుందన్న గొడవ వేరే ఉంది), ఎస్బియర్‌లోని చివరి బొగ్గు ప్లాంటును 2024లో మూసేశారు. ఇది పొయ్యి ఆర్పడమే. అలాగని పూర్తి పుణ్యాత్ములూ కారు: చమురు, గ్యాస్ బావుల్ని 2017లో ఇనియోస్ అనే రసాయనాల కంపెనీకి అమ్మేశారు. ఆ వాటా వరకూ ఇదీ వాటెన్‌ఫాల్ పనే.

పైగా ఉన్నదంతా గాలి మీదే పెడితే టెన్షన్ తప్పదు. వడ్డీలు, సామాన్ల ధరలు పెరిగి 2023లో అమెరికాలోని న్యూజెర్సీ తీరాన తలపెట్టిన గాలిమరల ప్రాజెక్టులు రెండూ ఓర్‌స్టెడ్ వాళ్లు వదులుకున్నారు. 2025 ఆగస్టులో 80 శాతం పూర్తయిన రివల్యూషన్ విండ్ అనే మరో సముద్ర గాలిమరల ప్రాజెక్టును అమెరికా ప్రభుత్వం ఆపమంది. అదే నెలలో షేర్‌హోల్డర్ల దగ్గర 6,000 కోట్ల డేనిష్ క్రోనర్లు అడగాల్సొచ్చింది. సగానికి పైగా వాటా డెన్మార్క్ ప్రభుత్వానిదే కాబట్టి గట్టెక్కారనిపిస్తుంది నాకు.

జర్మనీ కరెంటు కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ రెండు పడవల మీదా కాలు పెట్టింది. ఈ.ఆన్ అనే మరో జర్మన్ కంపెనీతో ఆస్తులు మార్చుకుని గాలి, సౌర ప్లాంట్లు తెచ్చుకుంది. లిగ్నైట్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. 2022లో గ్యాస్ కటకటలో పక్కన పెట్టిన యూనిట్లను మళ్లీ నడిపింది. 2023 జనవరిలో దాని గార్జ్‌వైలర్ గని కోసం లుట్సెరాత్ అనే ఊరిని ఖాళీ చేయించారు. బురదలో పోలీసులు, ఆందోళనకారులు. అదే ఏడాది గని విస్తరణకు అడ్డొచ్చాయని పక్కనున్న గాలిమరల్ని పీకడం మొదలైంది. సింగరేణి ఓపెన్‌కాస్టు చూసినవాళ్లకి ఊళ్లు పోవడం వింత కాదు గానీ, బొగ్గు కోసం గాలిమర పీకడం ఎక్కడైనా విన్నామా?

అయినా నా లెక్కలో ఓర్‌స్టెడ్ తర్వాత దీన్నే ఉంచుతాను. గని ఎవరి చేతికీ పోలేదు, దాని గనులున్న రైన్‌ల్యాండ్‌లో మూసే గడువు ప్రభుత్వంతో ఒప్పందం వల్ల 2038 నుంచి 2030కి ముందుకొచ్చింది, తప్పితే ఎవరిని నిలదీయాలో తెలుసు. వాటెన్‌ఫాల్ చివర. కాకపోతే ఆర్‌డబ్ల్యూఈ యూనిట్లు కొన్నిటిని 2033 చివరిదాకా రిజర్వులో ఉంచుకునే వెసులుబాటు ఆ ఒప్పందంలోనే ఉంది. అందుకే రెండో స్థానంలో ఆర్‌డబ్ల్యూఈ పేరు పెన్సిల్‌తో రాశాను.