హోల్డ్ సంగీతం కోసం ఫ్రీపీబీఎక్స్ 17: ఆటోనగర్ ఆఫీసులో ఏడాది వాడకం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల టోకు వ్యాపారం చేసే మా ఆఫీసులో 18 ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. మాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది హైవే పక్కన ఆగిపోయిన బండి దగ్గర నుంచి మాట్లాడే మెకానిక్కులు. ఫలానా మోడల్‌కు క్లచ్ ప్లేటు ఉందా అని అడిగితే, కౌంటర్‌లో ఉన్న అబ్బాయి గోడౌన్‌లోకి వెళ్లి ర్యాకు చూసి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ లైను మూగగా ఉంటే మెకానిక్ తెగిపోయిందనుకుని పెట్టేస్తాడు, మళ్లీ చేస్తాడు, ఈసారి ఇంకొకరు ఎత్తి పార్టు నంబరు మొదటి నుంచీ అడుగుతారు. ఆఫీసు ఫోన్లను కలిపే పాత ఎక్స్ఛేంజి పెట్టె (ఈపీఏబీఎక్స్) తీసేసి ఇంటర్నెట్ ఫోన్లకు మారేటప్పుడు హోల్డ్ సంగీతం సరిగా వినిపించి తీరాలని నేను పట్టుబట్టింది అందుకే.

హోల్డ్ సంగీతం మొదటి నుంచీ ఈ పనికే పుట్టింది. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమాని 1962లో దీనికి పేటెంట్ కోరాడు, 1966లో అది మంజూరైంది. ఆయన భవనంలో ఒక ఫోన్ తీగ ఉక్కు దూలానికి తగిలి, పక్కనే ఉన్న రేడియో స్టేషన్ ప్రసారం లైనులో వినిపించడంతో ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. వేచి ఉన్న మనిషికి లైను బతికే ఉందని తెలియజేయడమే దీని మొదటి పని, వినోదం ఆ తరవాతే. నేను ఈ సమీక్షలో ఏ సదుపాయాన్నైనా ఆ కొలతతోనే చూశాను.

ఫ్రీపీబీఎక్స్ అనేది ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ టెలిఫోన్ సాఫ్ట్‌వేర్‌కు బ్రౌజర్‌లో వాడుకునే ముఖం. ఆస్టరిస్క్‌ను 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టాడు, ఇప్పుడు రెండింటినీ సాంగోమా సంస్థ నడుపుతోంది. 17వ వెర్షన్ డెబియన్ 12 అనే లినక్స్ రకం మీద నడుస్తుంది. డబ్బు కట్టి తీసుకునే మాడ్యూళ్లు కూడా ఉన్నాయి కానీ, హోల్డ్ సంగీతానికి కావలసినదంతా ఉచిత భాగంలోనే ఉంది. మా సర్వర్ ఒక పాత డెస్క్‌టాప్, 18 ఫోన్లకు అది చాలినంత కన్నా ఎక్కువే.

అమరిక తేలికగానే ఉంటుంది. సెట్టింగుల్లో మ్యూజిక్ ఆన్ హోల్డ్ పేజీకి వెళ్లి ఒక కేటగిరీ చేసి, అందులోకి ఫైలు ఎక్కించి, ఏ ఏ రూపాల్లోకి మార్చాలో గడులు టిక్ చేస్తే మిగిలిన పని అదే చూసుకుంటుంది. అక్కడ ఏ-లా గడిని తప్పకుండా టిక్ చేయండి. మన దేశంలో టెలిఫోన్ లైన్ల మీద మాటను అంకెలుగా మార్చడానికి వాడే జీ.711 పద్ధతి ఏ-లా అనే రూపంలోనే ఉంటుంది కనుక, ఫైలు ముందే ఆ రూపంలో సిద్ధంగా ఉంటే ప్రతి కాల్‌కూ సర్వర్ మళ్లీ మార్చే శ్రమ తప్పుతుంది. ఎక్కించాక పైన కనిపించే ఎర్రటి అప్లై కాన్ఫిగ్ బొత్తాం నొక్కకపోతే మార్పు అమల్లోకి రాదు.

మొదటి రోజే నన్ను తికమకపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. కొత్త కేటగిరీలో మంచి సంగీతం పెట్టాను, బొత్తాం కూడా నొక్కాను, అయినా బయటి నుంచి చేసిన ప్రతి కాల్‌కూ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పాత సంగీతమే వినిపించింది. తప్పు నాదే. బయటి కాల్‌కు ఏ సంగీతం పోవాలో ఇన్‌బౌండ్ రూట్ నిర్ణయిస్తుంది, అక్కడ డిఫాల్ట్ అనే కేటగిరీ అలాగే ఉండిపోయింది. కాల్స్‌ను వరుసలో నిలిపే క్యూ వాడే ఆఫీసుల్లో క్యూకు కూడా సొంత ఎంపిక ఉంటుంది, అది ఇన్‌హెరిట్ అని ఉంటే రూట్ చెప్పినదాన్నే పాటిస్తుంది. ఈ రెండు చోట్లా చూడకుండా ఫైలును పదిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

యాదృచ్ఛికంగా వాయించే ఎంపికను కూడా ఆన్ చేయాలి. అది లేకపోతే ఫైళ్లు ఒకే వరుసలో మొదటి నుంచి మొదలవుతాయి. మా హోల్డ్‌లు సగటున రెండు నిమిషాలే కనుక, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసే మెకానిక్ ఏడాది పొడుగునా మొదటి ఫైలులోని మొదటి రెండు నిమిషాలే వినవలసి వస్తుంది. అది మనిషిని విసిగిస్తుందని నాకు ఒక పాత ఖాతాదారు నోటితోనే తెలిసింది.

ఇక అసలు కష్టం ధ్వని నాణ్యతతోనే వచ్చింది. ఆఫీసులో ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు చేసుకుంటే వీణ వీణలాగే వినిపించేది. అదే మొబైల్ నుంచి చేస్తే ఎవరో గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు ఉండేది. ఇంటర్నెట్ ఫోన్లు కాల్ కుదుర్చుకోవడానికి పంపుకునే సిప్ సందేశాల లాగింగ్‌ను సర్వర్‌లో ఆన్ చేసి చూస్తే, మాకు లైన్లు ఇచ్చే సంస్థ వైపు నుంచి కాల్స్ జీ.729 అనే ఇంకో కుదింపు పద్ధతిలో వస్తున్నాయని తేలింది. జీ.711 సెకనుకు 64 కిలోబిట్లు తీసుకుంటే జీ.729 కేవలం 8 కిలోబిట్లతో సరిపెడుతుంది. మనిషి గొంతు, నోరు శబ్దాన్ని ఎలా పుట్టిస్తాయో ఆ నమూనా మీద ఆధారపడి మాటను కుదించడం దాని పద్ధతి. అందువల్ల మాట స్పష్టంగానే ఉంటుంది కానీ, తీగ మోతను కూడా అది గొంతుగానే మలచబోయి చెడగొడుతుంది. ట్రంకు (బయటి లైన్ల) సెట్టింగుల్లో ఏ-లాను ముందుకు తెచ్చి, ఆ సంస్థ వాళ్లతో వాళ్ల వైపు కూడా మార్పించడానికి మూడు వారాలు, లెక్కలేనన్ని ఫోన్లు పట్టాయి. పట్టు వదలకుండా అడగండి, ఎందుకంటే ఒక వైపు మాత్రమే మారిస్తే ఫలితం ఉండదు.

అది సరయ్యాక కూడా మొబైల్‌లో కొంత వణుకు మిగిలింది. మొబైల్ నెట్‌వర్కులు కూడా మాటకు తగ్గట్టు చేసిన కుదింపునే వాడతాయి, పైగా మాట కాని శబ్దాన్ని రొద అనుకుని అణచబోతాయి. అది మన చేతిలో లేదు, మన చేతిలో ఉన్నది సంగీతం ఎంపిక. మృదంగం, వయొలిన్, తంబురా అన్నీ కలిసిన కచేరీ ముక్క పూర్తిగా అలుక్కుపోయింది. ఒంటరి వేణువు, ఒంటరి వీణ బాగా నిలబడ్డాయి. జీ.711లో కూడా 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని మాత్రమే పోతుంది కనుక, ఫైలును ఎక్కించే ముందే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ హద్దులకు కత్తిరించి, 8,000 హెర్ట్జ్ మోనోగా మార్చి వింటే అవతలి మనిషికి ఏం చేరుతుందో చాలావరకు అర్థమవుతుంది. సంగీతం ధ్వని స్థాయిని మాట కన్నా కొంచెం తక్కువగా ఉంచాలి. మన అబ్బాయి తిరిగి వచ్చి 'అన్నా, ఉంది' అన్నప్పుడు ఆ మాట సంగీతం కన్నా చిన్నగా వినిపించకూడదు.

మిగతా తంటాలు త్వరగానే తీరాయి. ఒకసారి పూర్తి నిశ్శబ్దం వచ్చింది. నేను ఫైలును కమాండ్ లైన్ ద్వారా రూట్ యూజర్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతాతో) కాపీ చేసినందువల్ల ఆస్టరిస్క్‌కు దాన్ని చదివే అనుమతి లేకపోయింది. అనుమతులను సరిచేసే ఎఫ్‌డబ్ల్యూకన్సోల్ చోన్ అనే ఒక్క ఆదేశంతో అది పోయింది. ఇంకోసారి హోల్డ్‌లో ఉన్న కాల్ కచ్చితంగా 5 నిమిషాలకు తెగిపోతూ వచ్చింది. హోల్డ్ చేసిన ఫోన్ ధ్వని పంపడం ఆపేసినప్పుడు ఎంతసేపు ఓర్చుకోవాలో చెప్పే ఆర్‌టీపీ హోల్డ్ టైమౌట్ మా దగ్గర 300 సెకన్లకు ఉంది, దాన్ని పెంచాను. కొన్ని కాల్స్‌లో హోల్డ్ నొక్కితే సంగీతం రాకపోవడం, తిరిగి తీస్తే ఒకరి మాటే వినిపించడం జరిగితే ముందుగా రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపి చూడండి. సాయం చేయబోయి సిప్ సందేశాల్లోని చిరునామాలను పాడుచేయడం దానికి మామూలే.

సాంకేతికం కాని సమస్య ఒకటి ఉంది, దానికి ఏ సర్వరూ మందు కాదు. సంగీతం బల్ల మీది ఫోన్‌లో పుట్టదు. హోల్డ్ మీట నొక్కినప్పుడు ఫోన్ సర్వర్‌కు ఒక సందేశం పంపుతుంది, అది అందాకే సర్వర్ సంగీతం మొదలుపెడుతుంది. మా కుర్రాళ్లు పాత అలవాటుకొద్దీ రిసీవర్‌ను బల్ల మీద బోర్లించి గోడౌన్‌లోకి వెళ్లిపోయేవారు. మెకానిక్‌కు సంగీతం బదులు మా కౌంటర్ మాటలు, ఒక్కోసారి పక్క ఖాతాదారుకు చెప్పే ధర కూడా వినిపించేది. ప్రతి ఫోన్ మీదా హోల్డ్ మీట పక్కన పసుపు స్టిక్కర్ అంటించి, రోజూ గుర్తు చేస్తే నెలకు గానీ అలవాటు మారలేదు.

సినిమా పాట పెట్టమని మా వాళ్లు చాలా అడిగారు, నేను ఒప్పుకోలేదు. వ్యాపార ఫోన్‌లో పాట వినిపించడానికి హక్కుదారుల అనుమతి కావాలి. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు కనుక కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు, అయితే దాన్ని ఒకరు పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీద మన చట్టం ప్రకారం ప్రచురణ అయిన తరవాత 60 ఏళ్లు విడిగా హక్కు ఉంటుంది. ఈ తేడా చాలా ఆఫీసులకు తెలియదు. మా అకౌంటెంట్ గారి అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. ఆమె ఒక ఆదివారం మా ఆఫీసు గదిలోనే ఫ్యాన్లు ఆపేసి మూడు కీర్తనలు వాయించింది, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, లైనులో ఇప్పుడు ఏ కుదింపు నడుస్తోందో మామూలు మనిషికి అర్థమయ్యేలా మొదటి పేజీలోనే చూపిస్తే బాగుండేది, దానికోసం కమాండ్ లైన్‌కు వెళ్లాల్సి వస్తోంది. లినక్స్ అంటే బొత్తిగా పరిచయం లేని ఆఫీసు ఒక తెలిసిన మనిషిని పెట్టుకోకుండా దీన్ని తీసుకోకూడదు. అలాంటి మనిషి ఉంటే, పది నుంచి యాభై ఫోన్ల ఆఫీసుకు నేను దీన్నే సూచిస్తాను. హోల్డ్‌లో ఉండగా పెట్టేసి మళ్లీ చేసేవాళ్లు మా దగ్గర ఇప్పుడు బాగా తగ్గారు. మొన్న చిలకలూరిపేట దగ్గర ఆగిన ఒక బండి డ్రైవరు, గోడౌన్ నుంచి అబ్బాయి తిరిగి వచ్చి పలకరించగానే, 'కాసేపాగు తమ్ముడూ, ఆ వీణ అయిపోనీ' అన్నాడట.